శాశ్వత నివాసి

కూతురి నర్సు చదువుకు నివాస పత్రం కావాలని ఎనభై నాలుగులో ఎల్లక్క మూడుసార్లు కచేరీకి వెళ్లింది. "మీరు తెలుగోళ్లు. మీ రాష్ట్రం గోదావరి అవతలుంది, అక్కడికే పొండి" అని మూడుసార్లూ మరాఠీ గుమాస్తా తరిమేశాడు.

వానలు వెలిశాక అతనే జీపులో పాతగూడెం వచ్చాడు. ఆనకట్ట కడతారట, ఊరు మునుగుతుందట. "దేశం కోసం త్యాగం చెయ్యాలమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యి" అంటూ నోటీసు చేతికిచ్చాడు.

కూతురు చదివి వినిపించింది: "ఎల్లక్క, పాతగూడెం శాశ్వత నివాసి."

ఎల్లక్క అతన్ని ఎగాదిగా చూసింది. "త్యాగానికైతే మేం ఈడోళ్లమేనా సారూ? ముద్ర సక్కగ పడలే. జర గట్టిగ గుద్దు."

సంచిలోంచి ముద్ర తీసి గుద్దాడు.

"గీ కాగితం నర్సు బడికి పంపు బిడ్డా. మనం ఈడోళ్లమని సర్కారే రాసిచ్చింది."