ఒక్క రోజు కూడా తగ్గించలేదు

దోన్ ఎవారిస్తో మా వాడలో అడుగుపెట్టాడంటే ఎవరిదో కొంప మునిగిందనే అర్థం.

బేస్‌బాల్ లీగు తరఫున కుర్రాళ్ళ వయసులు తనిఖీ చేయడం ఆయన ఉద్యోగం, అందుకే మాకందరికీ ‘దోన్’, అంటే అయ్యగారు. పదహారు నిండితేనే క్లబ్బులు ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటాయి. బంతి విసిరే పదహారేళ్ళ చేతికి బంగారం ధర పలుకుతుంది. అదే చేతికి పంతొమ్మిదేళ్ళని తెలిస్తే ఇత్తడి ధర కూడా రాదు. అందుకే చెరకు మిల్లు వెనక మా వాడలో తల్లులకి కొడుకుల వయసు దగ్గర కాస్త మతిమరుపు. ఒకడికి మూడేళ్ళు, ఇంకొకడికి నాలుగేళ్ళు ఇట్టే తగ్గిపోతుంటాయి.

ఆ బుధవారం ఆయన రాజధాని శాంతో దొమింగో నుంచి బస్సులో వచ్చి, కిల్వియో మోటారుసైకిలు వెనక ఎక్కాడు. కిల్వియో ఇప్పుడు కిరాయికి బండి నడుపుతున్నాడు గానీ, రెండేళ్ళ కిందట మా అందరి ఆశలూ వాడి మీదే. ఇరవై రెండేళ్ళవాడు, మేనత్త కొడుకు జనన పత్రంతో పదిహేడేళ్ళవాడినని సంతకం పెట్టాడు. పట్టుకున్నది ఈ ఎవారిస్తోనే. వాడి ఆట పోయింది. కట్టబోయిన ఇల్లు పునాదుల దగ్గరే ఆగిపోయింది.

“నా మీద కోపం లేదు కదరా?” అని దారిలో అడిగాడట ఆయన.

“ఛ ఛ, కోపం దేనికి దోన్? గట్టిగా పట్టుకోండి, గుంట వస్తోంది,” అని కిల్వియో బండిని సరిగ్గా ఆ గుంటలోంచే పోనిచ్చాడు.

వెళ్ళింది నెరెయిదా ఇంటికి. ఆవిడ పదిళ్ళ బట్టలుతికి కొడుకుని పెంచింది. ఆ కొడుకు యోనియెల్ బంతి విసిరితే, బ్యాటు పట్టుకున్నవాడికి గాలి తగలడమే గానీ బంతి తగలదు. మర్నాడే క్లబ్బు వాళ్ళతో సంతకం. కానీ ముందు ఎవారిస్తో ‘సరే’ అనాలి. కాదన్నాడా, సంతకమూ లేదు, పైగా ఏడాది నిషేధం. రేకులు కారే ఆ ఒంటి గది వదిలి బయటపడటానికి నెరెయిదాకి ఇంకో దారి లేదు.

యోనియెల్ వాకిట్లో నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి. పై పెదవి మీద బ్లేడు గాటు ఇంకా ఎర్రగా ఉంది.

“గడ్డం గీశావా?”

తలూపాడు.

“రోజూ గీస్తావా?”

మళ్ళీ తలూపాడు.

“నోట్లో నాలుక లేదూ?”

“జలుబు దోన్, గొంతు పట్టేసింది,” అంది తల్లి కాఫీ అందిస్తూ. కంగారులో సగం నేలపాలు చేసింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఈవిడ భుజాలు తడుముకుంటోందని ఆయనకి ఖాయమైపోయింది. రోజూ గడ్డం గీసుకునే పదహారేళ్ళవాడు! బొంగురు గొంతు బయటపడుతుందని నోరు విప్పని పిల్లాడు! నోటుపుస్తకం తీసి అన్నీ రాసుకున్నాడు. జనన పత్రాన్ని ఎండకి పెట్టి చూశాడు, గోటితో గీకాడు, వాసన కూడా చూశాడు. కాగితం నిక్షేపంలా ఉంది.

“ఎన్నేళ్ళు తగ్గించావమ్మా? మూడా, నాలుగా? ఇప్పుడే ఒప్పుకో, నిషేధం సగానికి చేయిస్తా.”

నెరెయిదా గోడ మీది మేరీమాత పటం తీసి గుండెలకి ఆనించుకుంది. “ఈ తల్లి మీద ఒట్టు దోన్. నా బిడ్డ వయసులో ఒక్క రోజు తగ్గించి ఉంటే నా కళ్ళు పోవాలి!”

“మీ వాడలో ఒట్లకేం కరువు? ఈ కిల్వియో వాళ్ళమ్మా ఇలాగే వేసింది,” అని ఆయన కిల్వియో వైపు తిరిగాడు. “నువ్వు చెప్పరా. నువ్వు మునిగావు, వీళ్ళని గట్టెక్కించాల్సిన అవసరం నీకేం లేదు. వీడు చెప్పిన వయసు కంటే పెద్దవాడే కదూ?”

కిల్వియో బండి దిగి టోపీ తీశాడు. “కాదు దోన్, మా అమ్మ మీద ఒట్టు. నేను చేసిన తప్పు వీళ్ళు చేయలేదు.”

పక్కింటి గోడ మీంచి ముసలి తొమాసినా అరిచింది. “పెద్దవాడా? వాడి బొడ్డు కోసింది నేనయ్యా! ఆ కాగితంలో ఉన్నదానికంటే వాడు గంట పెద్దయినా నన్ను ఉరి తియ్యి!”

ఎవారిస్తో నమ్మలేదు. ఎముకల్ని బట్టి వయసు తేల్చడానికి కిందటి వారమే యోనియెల్ మణికట్టుకి ఎక్స్‌రే తీయించి ఉంచాడు. ఎముకలకి ఒట్లు వేయడం రాదని ఆయన ధీమా. క్లినిక్కుకి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు.

“చూశాను దోన్,” అన్నాడు డాక్టరు. “పదహారు దాటే ప్రసక్తే లేదు.”

“ఖాయమేనా?”

“నా డిగ్రీ పందెం. అసలు నన్నడిగితే—”

“చాలు డాక్టర్, నాకు కావలసింది అదే,” అని ఫోన్ పెట్టేశాడు.

నోటుపుస్తకంలో రాసుకున్నదంతా కొట్టేశాడు పాపం. తర్వాత నెరెయిదా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“క్షమించమ్మా. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మీ వాడలో నిజం చెప్పిన తల్లిని ఇవాళే చూశాను.”

కాగితం మీద ముద్ర గుద్ది, యోనియెల్ వీపు తట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్న నెరెయిదా, గడప మీద కూలబడి, కొడుకు తల ఒళ్ళోకి లాక్కుని గుసగుసగా అంది: “గండం గడిచింది నాన్నా, నీకు నిజంగా పదహారు నిండేసరికి మనం కొత్తింట్లో దిగి రెండేళ్ళయి ఉంటుంది.”