మూడు వరుసల డ్రమ్ము

"ఈ పులుసులో ఉల్లిపాయలు ఎక్కడివండీ?" రెండోసారి అన్నం కలుపుకుంటూ అడిగింది కామేశ్వరి. ఇంట్లో ఉల్లిపాయలు నిండుకుని మూడు రోజులైంది.

"బియ్యం డబ్బా వెనకాల గుడ్డసంచిలో ఉన్నాయిగా. ముమ్మిడివరం పెళ్ళి నుంచి అలిసిపోయి వస్తావని నేనే పులుసు పెట్టేశాను," అన్నాడు పెదబాబు, భార్య ఎప్పుడు మెచ్చుకుంటుందా అని చూస్తూ.

కామేశ్వరి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అవి ఉల్లిపాయలు కావండీ. అన్నపూర్ణ వదినగారు పంపిన కాశ్మీరు పూల దుంపలు."

అన్నపూర్ణ వీళ్ళకి వియ్యపురాలు. ఊరు రామచంద్రపురం. కాశ్మీరు యాత్రకెళ్ళి మూడు రకాల పూల దుంపలు తెచ్చి, వీళ్ళ వంతు నిన్ననే బస్సులో పంపింది. ఫోనులో గంటసేపు పాఠం కూడా చెప్పింది. పెద్ద దుంపలు అడుగున, నడిపివి మధ్యన, చిన్నవి పైన. వరుసకీ వరుసకీ నడుమ నాలుగంగుళాల మట్టి. ఒక వరుస వాడేసరికి ఇంకో వరుస పూస్తుందట.

"చూడ్డానికి అచ్చం ఉల్లిపాయల్లా ఉన్నాయి కదే," అన్నాడు పెదబాబు నీరసంగా.

"పూల దుంపలు అలాగే ఉంటాయని ఆవిడ ముందే చెప్పేరు."

"అందుకేనా, కడుపులో ఒకటే చల్లగా ఉంది." పెదబాబు శొంఠి కషాయం పెట్టించుకు తాగి, మే నెలలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

కామేశ్వరి భయం కడుపు గురించి కాదు. కూతురు దుర్గాశ్రీ ఆ ఇంటి కోడలు. మీ అమ్మ నా పూలని పులుసు పెట్టుకు తినేసిందని ఆ పిల్ల జన్మంతా వినాల్సి వస్తుంది. తలుచుకుంటేనే కామేశ్వరికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే నర్సరీకి వెళ్ళి నేలసంపెంగ, గ్లాడియోలస్, వాన లిల్లీ దుంపలు కొనుక్కొచ్చింది. రొయ్యల చెరువు దగ్గర పడున్న నీలం డ్రమ్ముని సగానికి కోయించి, అరుగు పక్కన పెట్టి, వియ్యపురాలు చెప్పినట్టే మూడు వరుసలు పాతింది. పెదబాబు స్కేలు పట్టుకుని మట్టి కొలిచాడు.

"ఇంత శ్రద్ధ ఆ సంచి విప్పేటప్పుడు ఉండాల్సింది," అంది కామేశ్వరి.

చేతులు కడుక్కుంటుండగానే ఫోను మోగింది. అన్నపూర్ణే.

"వదినగారూ, ఆ సంచి విప్పేరా?"

"విప్పడమేంటండీ, పాతేశాం కూడాను."

"అప్పుడేనా? మన ఎండలకి అవేం బతుకుతాయండీ. తవ్వి తీసి అవతల పారేయండి."

"మీరు ప్రేమగా పంపినవి పారేస్తామా?" అని ఫోను పెట్టేసి, "నన్ను పరీక్షిస్తున్నారండీ ఆవిడ," అంది కామేశ్వరి మొగుడితో.

పది రోజులకి మళ్ళీ ఫోను.

"మొలకలేమైనా వచ్చేయా?"

"ఆయ్, వచ్చేయండి."

"ఏం మొలకలు?"

"మీ మొలకలేనండి."

అప్పట్నుంచి వారం వారం ఇదే వరస. ఎన్ని ఆకులొచ్చేయి, ఏ రంగు మొగ్గ, వాసనెలా ఉంది? పోలీసులు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. మూడో నెల తిరిగేసరికి, "రేపు నేనే వస్తున్నాను, కళ్ళారా చూడాలి," అంది అన్నపూర్ణ. ఆ రాత్రి కామేశ్వరికి అన్నం సయించలేదు.

అన్నపూర్ణ ఆటో దిగి, మంచినీళ్ళు కూడా తాగకుండా డ్రమ్ము దగ్గరికి నడిచింది. అంచు చుట్టూ గులాబిరంగు లిల్లీలు, మధ్యన ఎర్రటి గ్లాడియోలస్, అన్నిటికన్నా ఎత్తుగా నేలసంపెంగ. ఆవిడ డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"గోదావరి నీళ్ళు తాగి కాస్త పోలికలు మారేయండి," అన్నాడు పెదబాబు, వారం రోజులుగా వల్లించుకున్న మాట.

"ఇవి నేను పంపిన సంచిలోవేనా?"

"ఆయ్," అంది కామేశ్వరి.

"మా కోడలి మీద ఒట్టేసి చెప్పండి."

కామేశ్వరికి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"పిల్ల మీద ఒట్టు మాత్రం వేయలేను వదినగారూ. మీవి మేం పులుసు పెట్టుకు తినేశాం. ఇవి నర్సరీలో కొన్నవి. ఏమన్నా అనాలంటే నన్ననండి, దాన్నేం అనకండి."

అన్నపూర్ణ అరుగు మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, పెద్దగా ఊపిరి వదిలింది.

"చెబితే పరువు పోతుందని మూడు నెలలుగా నోరు మూసుకున్నాను. మొలకలొచ్చేయంటే నాకు మతిపోయిందనుకోండి. ఆవేళ సంచి మారిపోయి మీకు ఉల్లిపాయలు పంపేశానండి."