స్తంభం పక్క సీటు

"పేరు కుట్టాలండీ," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

మిషన్ చప్పుడులో అది దర్జీ చెవికి "కొట్టాలండీ" అని చేరింది. తప్పు చెవిది కాదు. వారం నుంచి ఊరంతా ఆ పనిమీదే వస్తోంది. జెర్సీ తెచ్చి బల్లమీద పడెయ్యడం, "ఆ పేరు కొట్టెయ్యి మాస్టారూ" అనడం.

దర్జీ తలెత్తకుండానే బ్లేడు అందుకుని జెర్సీ తిరగేశాడు.

వీపు ఖాళీగా ఉంది.

"కొట్టెయ్యడానికి ఇందులో ఏముందయ్యా?"

"కొట్టడం కాదండీ. కుట్టడం."

మిషన్ ఆగింది.

దర్జీ కొట్టు స్టేడియం గేటుకి ఎదురుగానే ఉంది. ఫుట్‌బాల్ జట్టు జెర్సీల మీద 'పిడుగు' అని కుట్టీ కుట్టీ కళ్లజోడు అద్దాలు మందమైపోయిన మనిషి అతను. పిడుగంటే ఆ జట్టుకి ప్రాణం. భార్య పోయాక దర్జీ ఆదివారాలన్నీ పిడుగు ఆట చూస్తూ గ్యాలరీలోనే గడిచాయి.

అలాంటి పిడుగుని యాజమాన్యం పక్క జట్టుకిచ్చేసి, బదులుగా ఎవరో అనామకుణ్ణి తెచ్చుకుంది. అభిమానులకి అభిమానం దెబ్బతింది. గ్యాలరీ గడప తొక్కేది లేదని వీధంతా ఒట్టేసుకుంది. కొత్తవాడి మొహం కూడా చూడకూడదని టీవీలు కట్టేశారు. దర్జీ తన టీవీకి ఏకంగా ముసుగే కుట్టేశాడు.

"వాళ్లు కుట్ర పన్నారు, నేను కుట్లు విప్పుతున్నాను," అనేవాడు వచ్చినవాళ్లతో. అందరూ నవ్వేవారు. వాళ్లు వెళ్లిపోయాక చూస్తే, పేరు పోయిన చోట సూది రంధ్రాలు మిగిలేవి. పేరు చదవడానికి అవి చాలు.

"ఎవరి పేరు?" అన్నాడు దర్జీ, వచ్చినతన్ని చూసి.

"కొత్తగా వచ్చారు కదండీ, ఆయనది."

"చిల్లరదా?"

"చిల్లరేంటండీ?"

"పెద్ద నోటిచ్చి చిల్లర పుచ్చుకున్నారు కదయ్యా. ఈ వీధిలో వాడి పేరదే."

అతను నవ్వబోయి మానుకున్నాడు. "బాగుందండీ. కానీ అమ్మానాన్నలు పెట్టిన పేరే కుట్టండి. ఇదిగో, ఇక్కడ, ఛాతీ మీద."

"పేరుండేది వీపు మీద కదా?"

"వీపు మీదైతే వెనకవాళ్లకే కనిపిస్తుందండీ."

దర్జీకి కోపం ఉంది గాని, కుట్టు వంకరపోతే ఆ కోపం తన మీదికే వస్తుంది. శుభ్రంగా కుట్టాడు. కుట్టి, అతన్ని వెనక్కి తిప్పి జెర్సీని అతని భుజాలకి ఆనించి చూశాడు. ఎడమ భుజం వేలెడు కిందికి దిగి ఉంది.

"భుజమేంటి, ఇలా జారింది? మోతపనా నీది?"

"మోయాలండీ. తప్పదు."

"నీకు బాగా వదులైపోయిందే ఇది."

"నాక్కాదండీ. మీకు."

దర్జీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆదివారం మీరు ఇది వేసుకుని ఆటకి వస్తారా?" అంటూ అతను జేబులోంచి టికెట్ తీసి బల్లమీద పెట్టాడు. "స్తంభం పక్క సీటు. కెమెరా అటు తిరుగుతుంది."

"బాగుంది. మా వీధివాళ్లు నన్నా స్తంభానికే కట్టేస్తారు. అసలెందుకయ్యా నీకీ తాపత్రయం?"

"ఆ కొత్తాయన తల్లి టీవీలో ఆట చూడదండీ. జనాన్ని చూస్తుంది. కొడుకు పేరు ఎవరైనా వేసుకున్నారా అని. ఒక్కరైనా కనిపిస్తే, పరాయిచోట వాడికో మనిషున్నాడు అనుకుంటుంది."

"అయితే నువ్వే వేసుకుని కూర్చో."

"ఆ వేళ నాకు గ్రౌండ్‌లోనే డ్యూటీ అండీ. కూర్చోనివ్వరు."

గేటు దగ్గర కాపలానో, గ్రౌండ్‌లో గీతలకి సున్నం వేసే పనో అనుకున్నాడు దర్జీ.

"నువ్వతనికి ఏమవుతావు?"

"ఈ ఊళ్లో ఆయనకి నేనొక్కణ్ణే ఉన్నానండీ."

దర్జీ టికెట్ చేతిలోకి తీసుకున్నాడు. "సరే, చూద్దాంలే," అన్నాడు.

చూద్దాం అంటే సాధారణంగా రాను అనే. అతనికి మాత్రం అది వస్తాను అని వినిపించినట్టుంది. మొహం వెలిగింది.

"థాంక్సండీ మాస్టారూ. నేనటే చూస్తుంటాను."

ఆదివారం మధ్యాహ్నం దర్జీ ఆ జెర్సీ తొడుక్కున్నాడు. అద్దంలో చూసుకున్నాడు. టికెట్ జేబులో పెట్టుకుని, చెప్పుల్లో కాళ్లు కూడా పెట్టాడు.

"బావా, ఉన్నావా?" బయట సైకిల్ షాపతని గొంతు.

దర్జీ గబగబా జెర్సీ విప్పి హేంగర్‌కి తగిలించాడు.

సైకిల్ షాపతను మరో ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. "టీవీ ముసుగు తియ్యి బావా."

"ఒట్టేసుకున్నాం కదరా?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. చూసేది ఆట కాదు, ఖాళీ గ్యాలరీ. గాలి తీసిన ట్యూబులా ఎలా ఉంటుందో చూసి ఆనందిద్దాం."

గ్యాలరీ నిజంగానే ఖాళీ. ఆటగాళ్లు వరసగా నిలబడి, టీవీలో చూసే తమతమవాళ్లకి చేతులూపుతున్నారు. చివరివాడొక్కడే చెయ్యెత్తలేదు. కెమెరాకి వాడి వీపే కనిపిస్తోంది.

ఎడమ భుజం వేలెడు కిందికి దిగి ఉంది.

దర్జీ లేచి నిలబడ్డాడు.

కెమెరా స్తంభం దాకా వెళ్లింది. దాని పక్కన మడత విప్పని కుర్చీ. మళ్లీ వెనక్కి వచ్చి ఆ మొహం మీద ఆగింది. ఆ కళ్లు ఇంకా అటే ఉన్నాయి.

"వీడేనా మన చిల్లర?" సైకిల్ షాపతను నవ్వాడు. "విజిల్ వేసినా అటే చూస్తాడేంటి? ఆ ఖాళీ సీట్లలో ఎవరికోసం బావా వెతుకుతున్నాడు?"

దర్జీ హేంగర్ మీది జెర్సీ తీసి, ఛాతీ మీద తను కుట్టిన పేరు అందరికీ కనబడేలా పట్టుకున్నాడు.

"నాకోసం," అన్నాడు. "వస్తానన్నాననుకున్నాడు."