చురుకైనది గెలిచింది

వీధిలో నన్ను కారమవ్వ అంటారు. డెబ్బై ఆరేళ్ళు. కూతురి ఇంట్లో ఉంటాను. చదువు రాదు.

అల్లుడు ఆసుపత్రిలో కంప్యూటర్ ఇంజినీరు. రోగుల వివరాలకి రెండు రకాల డేటాబేసులు తెచ్చి, వెబ్‌లో అడిగితే ఏది త్వరగా బదులిస్తుందో పందెం పెట్టాడు. ఒకటి గళ్ళ పుస్తకంలా వరుస తప్పదు. రెండోది గంపలో పడేసినట్టు అందినది అందినట్టే తీసుకుంటుంది.

పరీక్షకి, అదే ఆసుపత్రిలో రోగిగా నాకిచ్చిన నంబరు మీద 'చనిపోయింది', 'బతికుంది' అని మార్చి మార్చి వెయ్యిసార్లు పంపాడు. చివరగా పంపిన మాట 'బతికుంది'. గళ్ళది నిదానంగా అక్కడికే చేరింది. గంపది చిటికెలో ముగించింది కానీ, వరుస తారుమారై 'చనిపోయింది' దగ్గర ఆగింది. వేగం చూసి ఆసుపత్రివాళ్ళు గంపనే పెట్టుకున్నారు, నా చావుతో సహా.

డయాలసిస్‌కి వెళితే నర్సు, "చనిపోయినవాళ్ళకి ఈ కంప్యూటరు మంచం ఇవ్వదమ్మా" అంది. రెండు విడతలు పోయాయి. కాళ్ళు ఉబ్బాయి. కంప్యూటర్లో ఆ మాట మార్చాలంటే పెద్ద డాక్టరుగారి సంతకం కావాలట.

అల్లుణ్ణి నిలదీశాను. "ఇంతమంది రోగుల్లో నేనే దొరికానా నాయనా?"

"నా నంబరే పెట్టబోయాను అత్తయ్యా. మీ అమ్మాయి ఒప్పుకోలేదు. 'మీకేమైనా అయితే నేనేం కావాలి? మా అమ్మది పెట్టండి, ఆవిడ ఎలాగూ పోయేదే' అంది."

కాబట్టి పెద్ద డాక్టరుగారూ, ఈ ఫిర్యాదు అల్లుడి మీద కాదు, నా కూతురి మీద. రేపటికి నాకు మంచం ఇప్పించండి. లేదంటే నా శవం దగ్గరికి దాన్ని రానివ్వకండి.

వేలిముద్ర నాదే.

సాక్షి: నర్సు.

నేను చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించినవాడు: అల్లుడు.