వెర్ల్ గీసిన రూటు

వెర్ల్ రోడ్ల అట్లాసు తెరిచి వంటింటి బల్ల మీద పరిచాడు. కోటు కూడా విప్పలేదు. బూట్లకంటిన మంచు కరిగి, మెర్లీన్ పొద్దున్నే తుడిచిన నేల మీద మడుగు కట్టింది.

"ఇదిగో, ఈ ఎర్ర గీత చూడు. మన యూటాలో బయల్దేరి..."

"ముందు ఆ బూట్లు గుమ్మం దగ్గర విడువు. ఎన్నేళ్ళు చెప్పినా నీ చెవికెక్కదు కదా!"

వెర్ల్ బూట్లు విడిచి వచ్చాడు. ఒక మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు. అది చూసి మెర్లీన్ పెదవి విరిచింది. అయినా చలిలో వచ్చాడని ఒక కప్పు వేడి చాక్లెట్ ముందు పెట్టింది.

"పైన ఆ తెల్లటి మిఠాయి, మార్ష్‌మాలో వెయ్యలేదా?"

"అడిగినవన్నీ అమర్చే రోజులు పోయాయి. తాగితే తాగు."

అతనికి కావలసింది ఒక్కటే, పెరట్లో టార్పాలిన్ కప్పి ఉన్న ట్రెయిలర్. ట్రక్కు వెనక తగిలించుకుంటే మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ వెంట వస్తాయి. అది మెర్లీన్‌కి వాళ్ళ నాన్న ఇచ్చింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె ఇస్తే ఈ చలికాలం ప్రయాణం ఉంది, ఇవ్వకపోతే లేదు. తాళంచెవి ఇంకా చేతికి రాలేదు, వెర్ల్ మాత్రం ఏ నేషనల్ పార్కులో ఏ రాత్రి పడుకోవాలో కూడా గుర్తులు పెట్టేసుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

"చలికాలంలో జనం ఉండరు మెర్లీన్. ఎల్లోస్టోన్, గ్లేసియర్, క్రేటర్ లేక్. రాజాలా తిరగొచ్చు!"

"జనం ఎందుకుండరో ఆలోచించావా మహానుభావా? దారి ఉండదు కాబట్టి. అవునుగానీ, మన హనీమూన్‌కి నన్నెక్కడికి తీసుకెళ్ళావో గుర్తుందా?"

వెర్ల్ కప్పు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎల్లోస్టోన్‌కి. జనవరిలో! గేటుకి తాళం. ఆ గేటు ముందే ట్రక్కులో ముడుచుకుని పడుకున్నాం. పెళ్ళికేకు గడ్డకట్టి రాయైపోతే సుత్తితో పగలగొట్టి పెట్టావు. పైగా 'గేటు ఎంత బావుందో చూడు' అన్నావు."

"గేటు నిజంగా బావుంది," అని గొణిగాడు వెర్ల్.

మెర్లీన్‌కి నవ్వొచ్చింది గానీ మింగేసింది. నవ్వు చూపిస్తే ఈ మనిషి నెత్తికెక్కుతాడు. పెన్సిలు తీసుకుని ఎర్ర గీత మీద ఎడాపెడా కొట్టేయడం మొదలుపెట్టింది.

"గ్లేసియర్‌లో కొండ రోడ్డు ఎండాకాలం దాకా తెరవరు. క్రేటర్ లేక్‌లో మబ్బు దిగిందంటే సరస్సు మాట దేవుడెరుగు, నీ ముక్కు నీకు కనబడదు. ఆ చలికి ట్రెయిలర్‌లో నీళ్ళ పైపులు పగుల్తాయి. అప్పుడు ఆడమనిషి స్నానం ఎక్కడ చేస్తుంది? మంచు రాసుకుంటుందా?"

"అది ఆలోచించలేదు."

"పక్కన ఆడమనిషి ఒకతి ఉందన్న ఆలోచన నీకెప్పుడొచ్చింది గనక!"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఇతను మారతాడని ఎదురుచూసిన వయసంతా తలుచుకుంటే మెర్లీన్‌కి తన మీద తనకే ఒళ్ళు మండింది.

వెర్ల్ మాటిమాటికీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఇటు చూడవయ్యా! మంచు ఎక్కడికీ పారిపోదు," అని గద్దించి ఆమె దక్షిణంగా కొత్త గీత గీసింది. "ముందు జయాన్ పార్కుకి వెళ్ళు. సొరంగం వైపు పోకు, ట్రెయిలర్‌ని రానివ్వరు. అక్కణ్ణించి సెయింట్ జార్జ్ మీదుగా డెత్ వ్యాలీ."

"డెత్ వ్యాలీనా? మాడి చస్తాం!"

"అది ఎండాకాలంలో. ఇప్పుడు వెచ్చగా, హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఆరిజోనాలో కాక్టస్ పార్కు. బీన్స్ డబ్బా తెరిచి ఇదే విందు అనకు, మంచి హోటల్లో భోజనం పెట్టించు. సూర్యోదయం చూద్దామని తెల్లారకుండానే దుప్పటి లాగెయ్యకు. దారి తప్పితే నోరు తెరిచి ఎవరినైనా అడుగు, చచ్చిపోవు."

వెర్ల్ ముఖం వెలిగింది. "అయితే తాళంచెవి ఇస్తావన్నమాట!"

నిజానికి మెర్లీన్‌కి ఇవ్వాలని లేదు. ఈ ట్రెయిలర్ వేసుకుని ఎండ కాసే చోట్లకి పోదామని తను ఎన్ని చలికాలాలు బతిమాలిందో! ప్రతిసారీ జింకల వేటో, చేపల వేటో అడ్డొచ్చేది దొరగారికి. జుట్టు రాలిపోయాక ఇప్పుడు షికార్ల మీద మనసు పోయింది. ఆమెకి కోపంగా ఉంది. కోపం కన్నా ఎక్కువగా ఏడుపొస్తోంది. కానీ తను కాదంటే ఈ మొండి మనిషి ఒట్టి ట్రక్కులోనైనా ఉత్తరానికే బయల్దేరతాడు. ఆ గేటు ముందు గడిపిన రాత్రి ఎలాంటిదో ఆమెకి తెలుసు.

సొరుగు లాగి తాళంచెవి బల్ల మీదికి గిరాటేసింది.

"నేను గీసిన గీత దాటావో, చంపేస్తాను."

"నువ్వు ఎంత మంచిదానివి మెర్లీన్!"

"ఆపు. నీ పొగడ్తలు విని ఒకసారి మునిగాను, చాలు."

వెర్ల్ అట్లాసు చంకలో పెట్టుకుని గబగబా బూట్లలో కాళ్ళు దూర్చాడు. లేసులు కూడా కట్టుకోలేదు. తలుపు తియ్యగానే చలిగాలి రివ్వున కొట్టింది.

"నడు నడు, ఇంతసేపూ ట్రక్కులో కూచోబెట్టిన నీ కొత్త పెళ్ళాం చలికి కొయ్యబారిపోయి ఉంటుంది," అంటూ మెర్లీన్ తన మాజీ మొగుణ్ణి గుమ్మం బయటికి నెట్టి తలుపేసుకుంది.