వేషమా వదినా?

"నోరు తెరువు వదినా. ఇంకా పెద్దగా."

ఫిలాసఫీ లెక్చరరు నోరు తెరిచింది. పళ్ళ డాక్టరు చిన్న అద్దం లోపలికి పెట్టి తాపీగా అడిగింది. "ఇప్పుడు చెప్పు. ఆడతనం మాటల్లోంచి పుట్టిందన్నావు కదూ?"

"ఆఁ... ఆఁ..."

"మౌనం అర్ధాంగీకారం. ఓడిపోయావు."

లెక్చరరు ఆ చేతిని తోసేసి లేచి కూర్చుంది. "ఇదెక్కడి అన్యాయమే! నోట్లో అద్దం పెట్టి వాదనకి దిగుతావా? ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా!"

డాక్టరు మొహం చిన్నబోయింది. "ఆ సామెత నా దగ్గర ఎత్తొద్దన్నానా?"

"సర్లే, నోరు జారింది. వదిలెయ్."

వాళ్ళింట్లో అదో అలవాటు. వదినగారు ఎక్కడ ప్రసంగించాలన్నా, ముందు ఆడపడుచు క్లినిక్కులో రోగులు కూర్చునే ఆ కుర్చీలో వాలి, ఒకసారి అప్పజెప్పాలి. ఇక్కడ నలిగిన వాదనే సభలో నిలబడుతుందని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఇన్నాళ్ళూ అది సరదాగానే సాగింది. ఈసారి మాత్రం వారం నుంచీ ఇద్దరికీ తిండి సయించడం లేదు.

సాయంత్రం మహిళా గ్రంథాలయంలో చర్చ. ట్రాన్స్ మహిళలకు సభ్యత్వం ఇవ్వాలా వద్దా అన్నది విషయం. ఇవ్వాల్సిందేనని లెక్చరరు మాట్లాడుతుంది. ఆమె తర్వాత తానూ మాట్లాడతానని డాక్టరు పట్టుబట్టింది. వద్దంటే వినే ఘటమా!

"మళ్ళీ మొదట్నుంచీ కానీ."

లెక్చరరు గొంతు సవరించుకుంది. "స్త్రీ అనే మార్పులేని సారం ఎక్కడా లేదు. భాషా, అధికారమూ కలిసి కుట్టిన వేషం అది. రోజూ వేసుకు తిరిగేసరికి అదే మన ఒళ్ళనుకుంటాం. పుట్టుకతో ఏదీ తేలనప్పుడు, ఈ తలుపు ఎవరికి మూస్తాం?"

"వేషమైతే సాయంత్రానికి విప్పేయొచ్చుగా?" డాక్టరు కడిగిన చేతులే మళ్ళీ కడుక్కుంటోంది. "ఇన్ని తరాల ఆడవాళ్ళు తన్నులు తిన్నారు కానీ ఎందుకు విప్పి పారేయలేదు? నువ్వు వేషమన్నావంటే రేపు ప్రతి వెధవా విప్పమంటాడు. పన్ను పీకితే తెలుస్తుంది, నొప్పి మాటో నిజమో!"

"నొప్పి లేదన్నానా? దానికి పేరు పెట్టింది మనుషులంటున్నా."

"పేరు పెట్టకముందూ అది నొప్పే వదినా. నేను ఆడదాన్ని. నన్ను ఏ పుస్తకమూ తయారుచేయలేదు."

"ఆ మాట సభలో అన్నావంటే నిన్నేమంటారో తెలుసా?"

"ఛాందసురాలంటారు. అననీ."

"అంతటితో ఆగుతుందా? మాట మీద మాట పెరుగుతుంది. నీకసలే కోపం ముక్కు మీదుంటుంది. రెచ్చగొడితే కడుపులో ఏదీ దాచుకోలేవు. రేపీ కుర్చీ ఎక్కడానికి ఒక్కరూ రారు. ఇంత కష్టపడి నిలబెట్టుకున్న ప్రాక్టీసే! నా మాట విని వేదికెక్కకు."

"నీ పక్షం గెలవాలని నన్ను నోరు మూసుకోమంటున్నావు."

లెక్చరరుకి ఒళ్ళు మండిపోయింది. "గెలుపట గెలుపు! మీ అన్నయ్య ఏడాదిపాటు నీతో మాట మానేస్తే, మధ్యలో నిలబడి చీవాట్లు తిన్నదెవరే? తల్లి లేని ఇంట్లో నీకు జడ అల్లుకోవడం నేర్పిందెవరు? గెలవడానికేనా అదంతా?"

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి డాక్టరు మెత్తబడింది. అరలో ఉన్న పనిముట్లన్నీ తీసి మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. చివరికి "చూద్దాంలే" అంది.

చూడ్డానికేముంది, సాయంత్రం వదిన ప్రసంగం ముగిసీ ముగియకముందే వెళ్ళి మైకు ముందు నిలబడింది. అంతవరకూ తలుపు దగ్గర కుర్చీలో కూర్చోలేక, లేవలేక నానా అవస్థా పడింది మరి.

"తలుపు తెరవాలంటే ముందు లోపలొక ఇల్లుండాలి" అంది డాక్టరు. "ఆడతనం ఉత్త మాటే అయితే ఈ గది ఎవరి కోసం కట్టుకున్నట్టు? నేను ఆడదాన్ని. అది వేషమంటే ఒప్పుకోను, మా వదినే అన్నా సరే..."

"ఆపండి!" ముందు వరుసలోంచి ఒక పడుచు జర్నలిస్టు లేచింది. "తలుపులు మూసేవాళ్ళంతా ఇలాగే మొదలుపెడతారు. పుట్టిన దగ్గర్నుంచీ అందరూ 'అమ్మాయీ' అని పిలిస్తే హాయిగా పలికారు మీరు. ఆ ఒక్క పిలుపు కోసం అయినవాళ్ళనందరినీ పోగొట్టుకున్న వాళ్ళ బాధ మీకేం తెలుసు?"

హాలంతా చప్పట్లు మారుమోగాయి. "అద్గదీ! చెప్పమనండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

లెక్చరరు గబగబా వచ్చి మైకు అందుకోబోయింది. "ఈమెకి పొద్దుట్నుంచీ ఒంట్లో బాగాలేదు. చర్చ ఇంతటితో ఆపేద్దాం. దయచేసి..."

డాక్టరు ఆ చేతిని పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు.

"భయపడకు వదినా. ఎన్నాళ్ళని అడ్డం నిలబడతావు?" అని, జర్నలిస్టు వైపు తిరిగింది. విచిత్రంగా ఆమెకి కోపం రాలేదు.

"బాగా అడిగావమ్మా. తలుపు తెరవమనడానికే వచ్చాను, నువ్వే చెప్పనివ్వలేదు. మా వదిన కాపురానికొచ్చేనాటికి నేను ఆమెకి మరిదిని."