గుటక పరీక్ష

"ఈ గ్లాసుడు నీళ్లు నా ముందు తాగండి. తాగితే రేపట్నుంచి డ్యూటీకి రండి. లేదంటే ఇక్కడ సంతకం పెట్టి ఇంటికెళ్లండి," అన్నాడు కొత్త ఆఫీసరు, గ్లాసునూ కాగితాన్నీ బల్లమీద పక్కపక్కన పెట్టి.

ఎదురుగా కూర్చున్నది, అంతా నాలుక మాస్టారని పిలిచే పెద్దాయన. ఆ టీ పొడి కంపెనీలో ముప్పై ఏళ్లుగా టీ రుచి చూసి, ఏ పొడిలో ఏది కలపాలో తేల్చే మనిషి. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తేరుకున్నాయి గానీ గొంతు మాత్రం మొండికేసింది. పల్చటి నీళ్లు గుక్కెడు తాగినా పొలమారి ఊపిరితిత్తుల్లోకి దారి తీస్తాయి.

"ఆ నీళ్లు తాగను. నా నీళ్లు నేను తెచ్చుకున్నాను," అన్నాడు మాస్టారు.

పక్కనున్న భార్య సంచీలోంచి సీసా తీసింది. మందుల షాపులో దొరికే పొడి కలిపి గంజిలా చిక్కబరిచిన నీళ్లు. మాస్టారు నిటారుగా కూర్చుని, చెంచాడు నోట్లో పోసుకుని, గడ్డం ఛాతీకి ఆనించి మింగాడు. ఆపైన ఒక ఉత్త గుటక వేశాడు. అదంతా మింగడం నేర్పే డాక్టరమ్మ చెప్పిన పద్ధతి. తినేటప్పుడు మాట్లాడకూడదని కూడా ఆవిడే చెప్పింది. పెళ్లయ్యాక తనకు దొరికిన మొదటి విశ్రాంతి అదేనని భార్య అందరికీ చెప్పుకుంటుంది.

నాలుగు చెంచాలకి ఐదు నిమిషాలు పట్టింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"రోజుకి రెండొందల కప్పులు రుచి చూడాలి మీరు. ఇలా అయితే ఎప్పటికవుతుంది? మధ్యలో పొలమారి ఏమన్నా అయితే మా మెడకు చుట్టుకుంటుంది."

"పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఈ వారం రోజులుగా నన్ను అంతలా తలుచుకుంటున్నది మీరేనన్నమాట."

ఆఫీసరు నవ్వలేదు. "మీ మంచికే చెప్తున్నా."

"నా మంచి చూసే డాక్టరమ్మ పనిలోకి పొమ్మని రాసిచ్చింది."

"మీ పనేంటో ఆవిడకేం తెలుసు?"

"ఆవిడ అడిగింది సార్. మీరు అడగలేదు."

మాస్టారికి ఒళ్లు మండింది. వారం కిందట వచ్చిన మనిషి, ఒక్కసారైనా రుచి చూసే గది గడప తొక్కకుండా, ముప్పై ఏళ్ల పనిని ఒక్క కాగితంతో తుడిచేస్తాడట. భార్య ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టాడు.

"సంతకం పెట్టను. నాతో రండి. నా పని చూశాక కూడా పొమ్మంటే పోతాను."

రుచి చూసే గదిలో పొడవాటి బల్లమీద తెల్లకప్పులు బారులు తీరి ఉన్నాయి. మాస్టారు చెంచా అందుకున్నాడు.

"ఏమన్నా అయితే నా పూచీ లేదు, మీ ఆవిడే సాక్షి," అంటూ ఆఫీసరు అంబులెన్సుకు చేయడానికి ఫోను తీసి పట్టుకున్నాడు.

మాస్టారు తల వంచి, కాస్తంత టీ నాలుక మీదికి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని నోట్లోనే అటూ ఇటూ తిప్పాడు. ఆఫీసరు ఊపిరి బిగబట్టాడు. మాస్టారు పక్కనున్న తొట్టిలోకి వంగి మొత్తం ఉమ్మేశాడు.

"చెమ్మ తగిలిన సరుకు. వెనక్కి పంపించండి," అని రెండో కప్పు దగ్గరికి జరిగాడు.

"మింగలేదేం?" అన్నాడు ఆఫీసరు అయోమయంగా.

"టీ రుచి చూసేవాళ్లెవరూ మింగరు సార్. ముప్పై ఏళ్లలో ఈ గదిలో నేను ఒక్క చుక్కా మింగలేదు."